ఆరో కవరు

ఇబ్రహీంపట్నం,
12 ఆగస్టు 2007.

కోటేశ్వరి అక్కకు,

నీ ఉత్తరం అందింది. థీసిస్‌లో మూడు అధ్యాయాలు పూర్తయ్యాయని రాసి, ఆ వాక్యం కింద రెండు గీతలు గీశావు. ఒక్క గీత గీసినా నాకు అర్థమయ్యేది. సంతోషించాను. సగం సంతోషించాను అని రాస్తే నిజానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. నువ్వు చదువుకోవడానికి వెళ్లినప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా, ఇక్కడ నీ మెషిన్స్ ల్యాబు నేనే చూస్తున్నాను. ముప్పై మంది పిల్లలు ఒక్కసారే మోటారు తిరగట్లేదని మీదికొస్తుంటే, నువ్వు ఖరగ్‌పూర్‌లో లైబ్రరీ కిటికీ పక్కన చల్లగా కూర్చున్నావన్న ఆలోచన నాకేమంత మేలు చేయదు. నీ పీహెచ్‌డీలో నా గొంతు కూడా కొంత అరిగింది. అట్ట మీద మాత్రం నీ పేరొక్కటే ఉంటుంది.

ఇక్కడి సంగతులు చెబుతాను. మన కాలేజీ యూనివర్సిటీ అయింది. గేటు మీద కొత్త బోర్డు పెట్టారు. మన్నెగూడ నుంచి ఇక్కడిదాకా సాగర్ రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల బోర్డులే కాబట్టి, మనదీ ఒక వెంచరే అనుకుని మొన్న ఎవరో లోపలికి వచ్చి గజం ఎంత అని అడిగారు. బోర్డు మారినంత తొందరగా మేం మారలేదని యాజమాన్యం జోగారావు గారని ఒక డైరెక్టరును తెచ్చింది. సిమెంటు కంపెనీలో ఇరవై ఏళ్లు సిబ్బంది వ్యవహారాలు చూసిన మనిషి. పొద్దున వేలిముద్ర, సాయంత్రం వేలిముద్ర. ఏడాది చివర మనకు మార్కులట. పిల్లలకు ఈ సంగతి తెలిసి మహా సంబరపడుతున్నారు.

ఆయన మన ఎలక్ట్రికల్ డిపార్టుమెంటుకు వచ్చి, ఆ పాత డ్రాయింగు బల్ల చుట్టూ ఆరు కుర్చీలు ఎందుకని అడిగాడు. హెడ్ గది ఎక్కడుందని కూడా అడిగాడు. పరమేశ్వర్ సార్ ఓపికగా చెప్పాడు. హెడ్‌కు వేరే గది లేదని, అందరితోపాటే క్లాసులు చెబుతాడని, రెండేళ్లకొకరు వంతుల ప్రకారం హెడ్ అవుతారని, శనివారం మధ్యాహ్నం అందరం బల్ల దగ్గర కూర్చుని తిని అన్నీ తేల్చుకుంటామని, ఒక్కరు వద్దన్నా ఆ మాట వచ్చే శనివారానికి పోతుందని. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల క్లాసులు మిగతావాళ్లు అడగకుండానే చూస్తారని కూడా చెప్పాడు. డైరెక్టరు అన్నీ రాసుకుని, చివర ఒక్క ప్రశ్న వేశాడు. "మరి తప్పు జరిగితే నేను ఎవర్ని పిలవాలండీ?"

పరమేశ్వర్ సార్ ఆరు కుర్చీలూ చూపించాడు. డైరెక్టరుకు అది జవాబులా అనిపించలేదు.

వారం తరువాత కాగితం వచ్చింది. ఒక డిపార్టుమెంటులో ఉన్నవాళ్లంతా వంతుల పద్ధతే కావాలని రాసిస్తే అదే ఉంటుంది. ఒక్కరు కాదన్నా యాజమాన్యం ఐదేళ్లకు ఒక హెడ్‌ను నియమిస్తుంది. పేరు రాయకుండా, కవరు అంటించి ఇవ్వాలి. నిన్న బల్ల దగ్గర తీర్మానం అయింది. అందరం వంతులే కావాలని రాస్తాం. నీ కవరు దీంతో పంపుతున్నాను, నువ్వూ రాసి డైరెక్టరు పేరున పోస్టు చెయ్యి.

వచ్చే జూన్‌కు పరమేశ్వర్ సార్ వంతు అయిపోతుంది. తరువాత నీది, ఆ తరువాత నాది. నేను నిన్న ఒక మాట అడిగి చూశాను. అక్క వచ్చేసరికి థీసిస్ పనులు మిగిలే ఉంటాయి కదా, మా ఇద్దరి వంతులు మార్చితే ఎలా ఉంటుంది అని. సార్ అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "గట్లెట్ల మారుస్తం? ఆమె చదువుకోనీకి పోయింది, ఊరేగనీకి పోలె" అన్నాడు. నిజమే. మనిద్దరం ఒకే రోజు చేరాం. ఆ రోజు నీకు బస్సు తప్పిపోతుందని రిజిస్టరు నీ ముందుకు జరిపింది నేనే. ఒక్క సంతకం ముందు పెట్టినందుకు నువ్వు నాకు జన్మంతా సీనియర్‌వి.

నవ్వులాటకు రాశాను, పట్టించుకోకు.

భవాని

&nbsp;

ఖరగ్‌పూర్,
2 సెప్టెంబరు 2007.

భవానీ,

నవ్వులాటకు రాసినవాళ్లు పట్టించుకోకు అని రాయరు. నీ సంగతి నాకు తెలియదా.

కవరు పంపేశాను. వంతులే కావాలని పెద్ద అక్షరాలతో రాశాను. నా ల్యాబు చూస్తున్నందుకు నీకు ఎన్నిసార్లు చెప్పినా తీరదు, అందుకే చెప్పడం మానేశాను. అది నా తప్పే. ఇక్కడ లైబ్రరీ కిటికీ పక్కన సీటు నాకెప్పుడూ దొరకదు. నలభై ఒక్క ఏళ్ల మనిషిని, ఇరవై రెండేళ్ల పిల్లలతో హాస్టల్ మెస్సులో ఆవనూనె వాసన భరిస్తూ తింటున్నాను. మా ఆయన మన్నెగూడలో షాపు చూసుకుంటూ, మా అబ్బాయి వినీత్ ఇంటర్ చదువు చూసుకుంటూ ఫోన్లో మాత్రం "అంతా బాగానే ఉందిలే" అంటాడు. ఆ "లే" విన్నప్పుడల్లా టిక్కెట్టు కొనుక్కుని వచ్చేయాలనిపిస్తుంది. ఫోన్లో ఏడుపొస్తుందనే నీకు ఉత్తరాలు రాస్తాను.

నువ్వు శనివారం గురించి రాసిన చోటే ఆగిపోయాను. పరమేశ్వర్ గారు అన్నం కలపడం, తల ఎత్తకపోవడం, అదంతా నువ్వు చూస్తున్నావు, నేను చూడటం లేదు. మీరంతా నన్ను మరిచిపోయి, నా కుర్చీ మీద రికార్డు పుస్తకాలు పెట్టుకుని ఉంటారు. నిజం చెప్పు, పెట్టారా లేదా?

పిల్లలు కూడా నిన్నే ఎక్కువ ఇష్టపడతారు. ఈ ముక్క నేనెప్పుడూ నీతో అనలేదు.

మనందరిలో చిన్నవాడు బాలరాజ్‌ను అడిగానని చెప్పు.

కోటేశ్వరి

&nbsp;

ఇబ్రహీంపట్నం,
14 అక్టోబరు 2007.

అక్కకు,

నీ కుర్చీ మీద పుస్తకాలు పెట్టాం. పెట్టక ఏం చేస్తాం.

మంచి వార్త కాదు. నిన్న డైరెక్టరు ఆరు కవర్లూ తెచ్చి, బల్ల దగ్గరే, మా అందరి ముందే విప్పాడు. ఒక్కొక్కటి విప్పి చదివి పక్కన పెట్టాడు. ఐదింటిలో వంతులే కావాలని ఉంది. ఆరో దానిలో "నియామకమే మేలు" అని ఉంది. కలం ఆపి ఆపి అచ్చు అక్షరాల్లో రాశారు, దస్తూరీ పోల్చడానికి లేదు. ఆయన మాకు చూపించి, కాగితాలన్నీ జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు. "ఏకాభిప్రాయం లేదు కాబట్టి..." అని, మిగతాది చెప్పకుండానే వెళ్లిపోయాడు.

టిఫిను డబ్బాలు విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. అప్పుడు పరమేశ్వర్ సార్ బాలరాజ్ వైపు చూశాడు. అందరూ చూశారు. నేనూ చూశాను.

ఎందుకు చూశారో నీకు చెప్పనక్కర్లేదు. హాస్టల్ కట్టిన నాలుగెకరాలు వాళ్ల నాన్న నారయ్యది. చైర్మన్ ఆ భూమి కొన్నప్పుడే నీ కొడుక్కు కొలువు ఇస్తానని మాటిచ్చాడు. బాలరాజ్ ఎం.టెక్‌లో ఫస్టు వచ్చాడన్నది ఎవరికీ గుర్తుండదు, భూమికి బదులొచ్చిన కొలువన్నది అందరికీ గుర్తుంటుంది. చైర్మన్ కారు ఆపి మరీ అతన్ని పలకరిస్తాడు. "మేం గిన్నేండ్లు ఒక్కమాట మీదున్నం. ఎవలో మాట తప్పిండ్రు" అన్నాడు పరమేశ్వర్ సార్. బాలరాజ్ ఒకటే చెప్పాడు. "నేను కాదు సార్." ఇంకేదీ ఎవరూ అడగలేదు.

నేను ఏమీ అనలేదు. ఎవరు రాశారో నాకెలా తెలుస్తుంది?

భవాని

&nbsp;

ఖరగ్‌పూర్,
9 నవంబరు 2007.

భవానీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బాలరాజ్‌ను బల్ల దగ్గరికి తెచ్చింది నేను. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడిందని మిగతావాళ్లు వెనకాడితే, మోటారు విప్పి చూపించమనండి అన్నది నేను. విప్పి చూపించాడు. అలాంటివాడు అచ్చు అక్షరాల వెనక దాక్కున్నాడంటే నాకు ఒళ్లు మండిపోతోంది. నాలుగెకరాలు ఇచ్చినవాళ్లకు డిపార్టుమెంటు కూడా రాసిచ్చారనుకున్నాడేమో.

ఒక్క సంగతి అడుగుతాను. నియామకం ఎవరికి అనుకుంటున్నారు అక్కడ? నీ పేరేమైనా వినపడుతోందా?

ఇక్కడ చలి మొదలైంది. పని ఎక్కువగా ఉంది. పొడుగ్గా రాయలేకపోతున్నాను.

కోటేశ్వరి

&nbsp;

ఇబ్రహీంపట్నం,
20 జనవరి 2008.

కోటేశ్వరి మేడం గారికి,

అలాగే పిలవాలి కదా ఇక. శుక్రవారం నోటీసు బోర్డులో చూశాను. ఎలక్ట్రికల్ డిపార్టుమెంటుకు ఐదేళ్లపాటు హెడ్, శ్రీమతి కోటేశ్వరి, జూన్ రెండో తేదీ నుంచి. ఫస్టియర్ పిల్లలు నాకంటే ముందే చదివి, "కంగ్రాట్స్ చెప్పండి మేడం, మీ ఫ్రెండే కదా" అని నాకే చెప్పారు. నేను నవ్వాను. ముఖం కండరాలు నొప్పి పుట్టేలా నవ్వాను.

నవంబరులో నువ్వు రాసిన చిన్న ఉత్తరం ఇప్పుడు తీసి మళ్లీ చదివాను. "నీ పేరేమైనా వినపడుతోందా?" నా నోటితోనే నన్ను తూకం వేయించాలని చూశావు. అప్పటికే నీకు తెలుసా? తెలిసి అడిగావా? తెలియక అడిగావా? రెండిట్లో ఏది నిజమైనా నాకు ఒకటే అనుకుందామంటే కావడం లేదు.

యూనివర్సిటీ గుర్తింపు కోసం కమిటీ వచ్చినప్పుడు పదిహేడు ఫైళ్లు తయారుచేసింది నేను. ఆదివారాలు వచ్చాను. మా అమ్మ కమలమ్మ "నీకు ఆ కాలేజి జీతమిస్తుందా, నువ్వే దానికి ఇస్తున్నవా" అని అడిగింది. ఫైళ్లు నావి, గొంతు నాది, నీ ల్యాబు కూడా నాదే. కుర్చీ నీది. అది రెండేళ్ల వంతు అయితే ఏదోలా మింగేదాన్ని. రెండేళ్ల తరువాత నాకూ ఉందిలే అనుకునేదాన్ని. ఐదేళ్లు, అక్కా. ఐదేళ్ల తరువాత నాకు నలభై ఐదు వస్తాయి, అప్పటికి ఇంకెవరో పీహెచ్‌డీతో దిగుతారు.

నీ మీద నాకు ఈర్ష్యగా ఉంది. మర్యాదగా ఇంకో పేరేదీ పెట్టలేను. నీ చీరల మీద, నీ అక్షరాల మీద, మీ ఆయన నిన్ను మూడేళ్లు పంపించినందుకు ఆయన మీద కూడా ఉంది.

బాలరాజ్ ఇప్పుడు బల్ల దగ్గర తినడం లేదు. ఎవరూ రావద్దనలేదు. అతని డబ్బా అందరూ తమ వైపు జరుపుకోవడం మానేశారు, అతను కుర్చీ ల్యాబులోకి తీసుకుపోయి మోటార్ల మధ్య తింటున్నాడు. ఇది కూడా నీకు చెప్పాలి, హెడ్‌వి కాబట్టి.

భవాని

&nbsp;

ఖరగ్‌పూర్,
11 ఫిబ్రవరి 2008.

భవానీ,

మేడం గారూ అని ఇంకోసారి రాస్తే ఉత్తరం తిరిగి పంపేస్తాను.

తెలిసే అడిగాను. డైరెక్టరు గారు నవంబరు మొదటి వారంలో ఫోన్ చేశారు. థీసిస్ ఇచ్చేస్తే చాలు, డిపార్టుమెంటులో మొదటి పీహెచ్‌డీ మీరే అవుతారు, మీరే హెడ్ అన్నారు. ఆలోచించుకుని చెబుతానని అనొచ్చు. బల్లను అడిగి చెబుతానని అనొచ్చు. నేను వెంటనే సరేనన్నాను. ఆ తరువాత, నీ పేరు కూడా పరిశీలనలో ఉందేమోనని భయం పట్టుకుంది. అందుకే నిన్ను అడిగాను. నువ్వు జవాబు రాయలేదు, నేనూ చెప్పలేదు.

నీకు ఈర్ష్య ఉందని రాశావు. నాకెంతుందో నీకు తెలియదు. నేను లేకపోయినా డిపార్టుమెంటు ఆగలేదు, నువ్వు ఆపనివ్వలేదు. తిరిగి వచ్చాక ఉత్త కోటేశ్వరిగా నీ పక్క కుర్చీలో కూర్చుంటే నన్నెవరు చూస్తారు అని ఇక్కడ ఎన్ని సాయంత్రాలు అనుకున్నానో.

ఇప్పుడు అసలు విషయం. యూనివర్సిటీ అయ్యాక అందరినీ ఏడాది ఒప్పందం మీదికి మార్చారు కదా. మార్చి ముప్పై ఒకటికి కొనసాగింపు జాబితా వేస్తారు. రాబోయే హెడ్‌ని కాబట్టి డైరెక్టరు ఫారాలు నాకు పంపారు. నలుగురికి కొనసాగింపు రాశాను. బాలరాజ్ ఫారం పక్కన పెట్టాను. పరమేశ్వర్ గారు నాకు విడిగా ఉత్తరం రాశారు, అతనితో కలిసి పనిచేయలేమని, మిగతావాళ్ల అభిప్రాయం కూడా అదేనని. నా చేతిలోకి వచ్చిన మొదటి కాగితం ఒక మనిషిని ఇంటికి పంపేది అయినందుకు బాగాలేదు. కానీ అందరినీ మోసం చేసినవాడి కోసం నేనెందుకు పోట్లాడాలి?

నువ్వు ఐదేళ్లు అతని పక్కన కూర్చున్నావు. నీ ఒక్క మాట కావాలి. వద్దని రాయనా?

కోటేశ్వరి

&nbsp;

ఇబ్రహీంపట్నం,
5 మార్చి 2008.

అక్కా,

నన్నెందుకు అడుగుతావు? హెడ్‌వి నువ్వు, సంతకం నీది. బల్ల ఉన్నప్పుడు ఆరుగురిని అడగాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ అవసరం లేదు కదా.

నీ ఇష్టం.

భవాని

&nbsp;

ఇబ్రహీంపట్నం,
16 మార్చి 2008.

అక్కా,

పోయిన ఉత్తరానికి నీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. అది చింపెయ్యి. ఇది పూర్తిగా చదివే దాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. పెట్టి ఉంటే ఆపు.

సోమవారం మా అమ్మ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక చిట్లింది. నగరంలో దవాఖానకు తీసుకుపోయి మూడు రోజులు అక్కడే ఉన్నాను. కాలేజీకి ఫోన్ చేసి సెలవు అని మాత్రం చెప్పాను. గురువారం తిరిగి వెళ్తే నా రెండు ల్యాబులూ, నీ ల్యాబూ జరిగి ఉన్నాయి. రిజిస్టర్లలో హాజరు వేసి ఉంది, రికార్డులు దిద్ది ఉన్నాయి. మూడు రోజులూ బాలరాజ్ చూశాడట. అతనికి ఉన్న సొంత క్లాసులు కాక. పరమేశ్వర్ సార్‌కు కూడా గుర్తు రాలేదు, ఎందుకంటే కవర్లు విప్పిన నాటి నుంచి మేం ఒకరి క్లాసు ఒకరం చూడటం మానేశాం. సెలవు పెడితే పిల్లలు క్యాంటీనుకు పోతారు, అంతే.

ల్యాబులోకి వెళ్లి ఎందుకు చూశావని అడిగాను. అతను అన్నం తింటున్నాడు. "మన రివాజే గది కద మేడం, లేనోళ్ల క్లాసు ఉన్నోళ్లు చూస్తం. అమ్మకు ఎట్లుంది?" అన్నాడు.

ఆరో కవరు నాది.

ఇప్పుడు రాసేశాను కాబట్టి మిగతాది కూడా చెబుతాను. సెప్టెంబరులో డైరెక్టరు ఆ పదిహేడు ఫైళ్లు చూసి, వరండాలో నన్ను ఆపి, "మీలాంటివాళ్లు పైకి రావాలి మేడం. ఈ వంతుల్లో మీరు ఎక్కడో వెనక ఉండిపోయారు" అన్నాడు. పదేళ్లలో నా గురించి నాతో అలా మాట్లాడిన మొదటి మనిషి ఆయన. నాకు మతి పోయింది. నీకింకా పీహెచ్‌డీ రాలేదు, నువ్వు ఇక్కడ లేవు, నియామకమంటే కళ్లముందు ఉన్న నాకే ఇస్తారనుకున్నాను. వంతులు పోతే నువ్వు నాకు సీనియర్‌వి కాకుండా పోతావు. అది ఒక్కటే కనపడింది నాకు. ఆగస్టులో బల్ల దగ్గర సరేనని ఉండి కూడా, ఆ రోజు ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని అచ్చు అక్షరాల్లో రాశాను. అమ్మ అడిగితే పిల్లల హాల్‌టిక్కెట్లు అని చెప్పాను.

అందరూ బాలరాజ్ వైపు చూసినప్పుడు నాకు భయం వేయలేదు. ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరి నాకు ఇప్పుడు అసహ్యంగా ఉంది. అతను యాచారం నుంచి ఆటోలో వచ్చి వేలిముద్ర వేసి, ఎవరితో మాట్లాడకుండా క్లాసు చెప్పి వెళ్లిపోతుంటే ఐదు నెలలు చూశాను. అతనికి పెళ్లాం ఉంది, చిన్ని అని నాలుగేళ్ల పాప ఉంది, అమ్ముకోవడానికి ఇంక భూమి లేదు. అతని కొలువు పోతే అది నేను తీసినట్టే. నువ్వు ఒక్క మాట అడిగితే "నీ ఇష్టం" అని రాసినదాన్ని. అప్పుడు కూడా నీ మీది కోపమే నా చేత రాయించింది.

ఏం చేస్తావో చెయ్యి. అతని ఫారం మాత్రం ఆపు.

భవాని

&nbsp;

ఖరగ్‌పూర్,
23 మార్చి 2008.

భవానీ,

నీ "నీ ఇష్టం" పదకొండున అందింది. పన్నెండున బాలరాజ్ ఫారంలో కొనసాగింపు అవసరం లేదని రాసి, సంతకం పెట్టి పోస్టు చేశాను. నీ రెండో ఉత్తరం నిన్న అందింది.

హాస్టల్ మెట్ల మీదే చదివి, అక్కడి నుంచే డైరెక్టరుకు ఫోన్ చేశాను. ఫారం ఆయన బల్ల మీదే ఉంది. పొరపాటు నాది, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. "మొదటి కాగితమే వెనక్కి తీసుకునే హెడ్‌ను నేనెలా నమ్మాలండీ?" అన్నారు. ఎలా నమ్ముతారో మీ ఇష్టం, కొత్త ఫారం కొరియర్‌లో వస్తుంది అన్నాను. చేరకముందే చెడ్డపేరు తెచ్చుకున్నాను. ఆయన తీసుకుంటారో లేదో జాబితా పడేదాకా తెలియదు.

నిన్ను తిట్టాలని మూడు కాగితాలు పాడుచేశాను. తిట్లు బాగానే వచ్చాయి, పంపే మొహం నాకు లేదు. ఎందుకంటే, ఆరో కవరు ఎవరిదని నేను ఒక్కసారైనా వెతకలేదు. నవంబరులో డైరెక్టరును అడిగి ఉంటే ఆ కాగితం నకలు నాకు పంపేవారు. అచ్చు అక్షరాలైనా సరే, నీ "క" తలకట్టు పదేళ్లుగా చూస్తున్నాను, నేను పట్టేదాన్ని. అడగలేదు. ఎవరు రాశారో తెలిస్తే నేను కుర్చీ వదలాల్సి వస్తుందేమోనని అడగలేదు. ఆ అబ్బాయి అనుకోవడం నాకు హాయిగా ఉంది. నువ్వు బల్లను విరగ్గొట్టావు, నేను ఆ విరిగిన చెక్క మీద ఎక్కి కూర్చున్నాను.

కుర్చీ వదిలేస్తానని అనుకోకు. నాకు కావాలి. మంచిదాన్ననుకుని నువ్వు ఏడవకూడదనే ఈ ముక్క రాస్తున్నాను. అయితే రెండేళ్లకు దిగిపోతానని, తరువాత వంతులు మళ్లీ మొదలుపెట్టాలని కొత్త ఫారంతోపాటు రాసి పంపాను. ఆయన ఒప్పుకోకపోవచ్చు. కాగితమైతే ఫైల్లో ఉంటుంది.

నీ సంగతి నేను ఎవరికీ చెప్పను. హెడ్ చెబితే అది ఆర్డరు అవుతుంది. బల్ల దగ్గర, శనివారం, బాలరాజ్ ముందు, నువ్వే చెప్పాలి. చెప్పకపోతే జూన్‌లో నీ మొహం నేను చూడను.

మీ అమ్మకు కాల్షియం మాత్రలు ఆపొద్దను.

కోటేశ్వరి

&nbsp;

ఇబ్రహీంపట్నం,
6 ఏప్రిల్ 2008.

అక్కా,

జాబితా పడింది. బాలరాజ్ పేరు ఉంది. డైరెక్టరు నిన్ను ఏమనుకున్నా ఆ ఒక్కటీ చేశాడు.

ఇరవై తొమ్మిదో తేదీ శనివారం నేను చెప్పలేదు. ఆ రోజు తలనొప్పి అని ఇంటికి వచ్చేశాను. నిన్న చెప్పాను.

ముందు ల్యాబులోకి వెళ్లి బాలరాజ్‌ను బల్ల దగ్గరికి రమ్మన్నాను. రానన్నాడు. "ఈ ఒక్కరోజు రా బాలరాజ్" అంటే, కుర్చీ తేకుండా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పరమేశ్వర్ సార్ ముఖం గంటుపెట్టుకుని డబ్బా విప్పుతున్నాడు. ఎలా మొదలుపెట్టాలో వారం రోజులు అనుకున్నవన్నీ మరిచిపోయాను. ఆరో కవరు నాది సార్ అన్నాను. నేను రాసి, ఇతని మీదికి పోతుంటే ఊరుకున్నాను అన్నాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. నీ మీది ఈర్ష్య అని ఆ మాటే వాడాను. చెబుతుంటే ఏడుపు రాలేదు, సిగ్గుతో చెవులు మాత్రం కాలిపోయాయి.

పరమేశ్వర్ సార్ నన్ను చూడలేదు. బాలరాజ్‌ను చూశాడు. ఆయన గొంతు నేనెప్పుడూ అంత చిన్నగా వినలేదు. "నేను కోటేశ్వరికి చిట్టీ రాసిన. నిన్ను తీసెయ్యమని రాసిన" అన్నాడు. బాలరాజ్ "అవ్ సార్, ఎరుకే" అన్నాడు. ఎలా తెలిసిందో అడగడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది.

నేను అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఒక మంచి పని చేసి లేవాలనిపించింది. నీ రెండేళ్ల తరువాత వంతులు మళ్లీ మొదలైతే నా వంతు బాలరాజ్‌కు ఇచ్చేస్తానని, నా పేరు తీసి అక్కడ అతని పేరు రాయమని సార్‌తో అన్నాను. వరుసలో అతను అందరికంటే ఆఖర్న ఉన్నాడు, అతనికి వచ్చేసరికి ఎనిమిదేళ్లు పడుతుంది. నేను ఇస్తున్నది చిన్నదేం కాదని నాకు అనిపించింది. అతను కళ్లెత్తి చూస్తాడని, ఏదో ఒకటి అంటాడని, నేను కాస్త తేలికపడతానని ఎదురుచూశాను.

అతను గడియారం చూసుకున్నాడు. తరువాత అన్నాడు.

"మీ వంతు నాకొద్దు మేడం. నా వంతు ఎప్పుడొస్తే అప్పుడు కూసుంట."

కోపంగా అనలేదు. క్లాసుకు టైం అయిందని వెళ్లిపోయాడు. మేం నలుగురం ఆరిపోయిన అన్నం ముందు కూర్చున్నాం. సార్ లేచి, నా పక్క నుంచి నన్ను తాకకుండా తప్పుకుని బయటికి పోయాడు. మిగతా ఇద్దరూ ఆయన వెనకే పోయారు. బల్ల మీద డబ్బాలన్నీ నేనే మూతలు పెట్టి సర్దాను.

నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. ఆ కవరు రాసిన రోజున నాకు ఆ ఒక్క మాట వచ్చి ఉంటే చాలు. నా వంతు ఎప్పుడొస్తే అప్పుడు కూర్చుంటాను. ఏముంది అందులో? చిన్న పిల్లలు కూడా అనగలరు. పదేళ్లు ఆ బల్ల దగ్గర తిన్నదాన్ని, నాకు రాలేదు. ఐదు నెలలు మోటార్ల మధ్య తిన్నవాడికి వచ్చింది.

అతన్ని చూస్తే నాకు కుళ్లుగా ఉంది, అక్కా. నీ మీద ఎన్నడూ ఇంత కుళ్లుకోలేదు.

భవాని